రెజిన్ పలకపై అష్టాచెమ్మా – 3వ భాగం: పోత

గత భాగంలో 30 సెంటీమీటర్ల చదరపు చెక్క మీద 25 గళ్లు గీసి, నాలుగు వైపులా నడిమి గళ్లలోనూ మధ్య గడిలోనూ ఇంటూ గుర్తులు వేశాం. రంగు పూర్తిగా ఆరిందో లేదో వేలితో నొక్కి చూడండి. తడి తగిలితే ఈ రోజు పోత వద్దు.

ముందు రెజిన్‌తో (హార్డెనర్ అనే మరో ద్రవం కలిపితే గట్టిపడే ద్రవం ఇది) పలచటి పూత వేయాలి. చెక్క రంధ్రాల్లో గాలి ఉంటుంది. ఒకేసారి మందంగా పోస్తే ఆ గాలి తన్నుకొచ్చి గళ్ల మీద బుడగలై నిలిచిపోతుంది. అందుకే కొంచెమే కలిపి, బ్రష్షుతో అంచులతో సహా పట్టించండి. కొన్ని గంటలకు పూత జిగటగా తగులుతుంది కానీ వేలికి అంటదు. అసలు పోతకు అదే అదును. అది దాటి గట్టిపడిపోతే 220 నంబరు శాండ్‌పేపర్‌తో రుద్ది, దుమ్ము తుడిచాక పోయండి.

ఎంత కలపాలి? 3 మిల్లీమీటర్ల మందానికి 30 × 30 × 0.3, అంటే 270 మిల్లీలీటర్లు. మీ డబ్బా మీద కొలత (మిల్లీలీటర్ల లెక్క) ప్రకారం 2:1 అని ఉంటే రెజిన్ 180, హార్డెనర్ 90. అది కొలతా, తూకమా అన్నది తప్పక చదవండి. రెండింటి బరువూ ఒకటి కాదు. గట్టిపడటం తొందరగా అవుతుందని హార్డెనర్ ఎక్కువ పోయకండి, పలక ఎప్పటికీ మెత్తగానే ఉండిపోవచ్చు.

నైట్రైల్ గ్లవ్స్ వేసుకుని, కిటికీలు తీసిపెట్టి, పిల్లల్ని దూరంగా ఉంచండి. ఒంటికి పదేపదే తగిలితే అలర్జీ పట్టుకుంటుంది, మళ్లీ వదలదు. ఈ విషయంలో నేను రాజీపడను.

కప్పు గోడలూ అడుగూ గీరుతూ మూడు నాలుగు నిమిషాలు మెల్లగా కలిపి, వేరే కప్పులోకి వంచి మరోసారి కలపండి. తర్వాత కప్పులో ఉంచి కూర్చోవద్దు, లోతుగా ఉన్న మిశ్రమం తనంతట తానే వేడెక్కి పొగలు కక్కుతుంది.

చుట్టూ టేపుతో గట్టు కట్టి, రసమట్టం పెట్టి బల్ల సరిచూసుకుని, మధ్య గడి నుంచి బయటికి పోయండి. పైకొచ్చిన బుడగల మీద హీట్ గన్‌ను ఒకచోట ఆపకుండా తిప్పండి. ఆ వెంటనే దుమ్ము పడకుండా పలక మీద అట్టపెట్టె బోర్లించండి.

వానాకాలంలో పైన మైనం లాంటి పొర కడితే, గట్టిపడ్డాక సబ్బునీళ్లతో కడిగితే పోతుంది. 24 గంటల్లో చేతికి గట్టిగానే తగులుతుంది, కానీ గవ్వలు వేయడానికి వారం ఆగండి. వచ్చే భాగంలో టేపు తీసి అంచులు నునుపు చేద్దాం.