చీజ్‌స్టేక్ ఇంట్లో చేస్తే పులుసు అయిపోతోందా? ఎక్కడ తేడా కొడుతోందో చూద్దాం

ఫిలడెల్ఫియా వెళ్ళొచ్చిన ప్రతివాళ్ళూ ఓసారి ఇంట్లో చీజ్‌స్టేక్ ట్రై చేస్తారు (పల్చటి బీఫ్ ముక్కలు, ఉల్లిపాయలు, చీజ్ పొడుగు రొట్టెలో పెట్టిచ్చే అక్కడి శాండ్‌విచ్), మేమూ చేశాం, మొదటిసారి వచ్చింది శాండ్‌విచ్ కాదు, బ్రెడ్డులో పోసిన పలచటి పులుసు. మా బావ అయితే స్పూన్ తెచ్చుకున్నాడు. తర్వాత చాలాసార్లు చేశాక నాకు అర్థమైందేంటంటే గొడవంతా నీళ్ళది. మాంసంలో నీళ్ళు, ఉల్లిపాయలో నీళ్ళు, బ్రెడ్డుకి పట్టే ఆవిరి. ఏ చీజ్ వాడాలని జనం కొట్టుకుంటారు గానీ అది రెండో సంగతి. అసలు 1930లో సౌత్ ఫిలడెల్ఫియాలో హాట్‌డాగ్‌లు అమ్ముకునే పాట్ ఒలివియేరి మొదటిసారి దీన్ని చేసినప్పుడు ఉన్నవి మాంసం, ఉల్లిపాయలు, రొట్టె, అంతే. చీజ్ చాలా ఏళ్ళ తర్వాత వచ్చి చేరింది.

మాంసం వేగట్లేదు, బూడిద రంగులోకి మారి ఉడుకుతోంది

అందరికీ వచ్చేది ఇదే. షాపులో ఉండేది మందపాటి స్టీల్ ప్లేటు, ఎంత మాంసం పడేసినా దాని వేడి తగ్గదు, మన పెనం అలా కాదు, ఫ్రిజ్‌లోంచి తీసిన మాంసం అంతా ఒకేసారి కుమ్మరిస్తే ఠక్కున చల్లారిపోతుంది, మాంసం నీళ్ళు వదుల్తుంది, ఆ నీళ్ళు ఇగిరేదాకా అక్కడ వేడి 100 డిగ్రీలు దాటదు. ఎర్రగా వేగి ఆ కమ్మటి వాసన రావాలంటే 140 డిగ్రీల సెల్సియస్ పైన ఉండాలి. అంటే మీరు వేయిస్తున్నాం అనుకుంటూ ఉడకబెడుతున్నారు.

కాస్ట్ ఐరన్ పెనం ఉంటే అది తీయండి, ఖాళీగా నాలుగైదు నిమిషాలు బాగా కాలనివ్వండి. మాంసాన్ని పేపర్ టవల్‌తో అద్దండి. ఒక వాయికి 200 గ్రాములు మించొద్దు, అట్లు పోసినట్టే వాయిలు వాయిలుగా. వెయ్యగానే చుయ్‌మని సౌండ్ రావాలి, రాకపోతే పెనం కాలలేదు. పరిచి ఒక నిమిషం కదపకండి, మనకేమో కూర కలిపినట్టు కలుపుతూ ఉండటం అలవాటు, ఆ చెయ్యి ఆపుకోవాలి. ఉప్పు పెనం మీద వేశాకే, గంట ముందు కలిపి పెడితే గిన్నెలోనే నీరు ఊరుతుంది. ఆల్రెడీ నీళ్ళొచ్చేస్తే కంగారేం లేదు, పెనం వంచి నీళ్ళు గిన్నెలోకి పోసేసి, సగం మాంసం పక్కకి తీసి, మంట పెంచండి.

నాన్‌స్టిక్ పెనాన్ని మాత్రం ఖాళీగా ఇంతలా కాల్చొద్దు, కోటింగ్ పాడైపోతుంది.

నములుతుంటే దవడలు నొప్పి

రెండు కారణాలు, ముక్క తప్పు లేదా కోత తప్పు. స్ట్యూ కోసం అమ్మే ముక్కలు చవగ్గా వస్తాయి కానీ అవి గంటలు గంటలు ఉడకాల్సినవి, రెండు నిమిషాల్లో మెత్తబడవు. దీనికి కావాల్సింది రిబ్ఐ (పక్కటెముకల దగ్గరి మాంసం), మధ్యమధ్యలో కొవ్వు చారలు ఉంటాయి కాబట్టి ఎండిపోదు. ఫ్రీజర్‌లో 30 నుంచి 45 నిమిషాలు పెట్టి, రాయిలా కాకుండా గట్టిపడ్డాక, మాంసం పీచు ఎటు పోతోందో చూసి దానికి అడ్డంగా కొయ్యాలి, 2 మిల్లీమీటర్లకి దగ్గరగా, ఎంత పల్చన అయితే అంత మంచిది. పీచు వెంబడి నిలువుగా కోస్తే రబ్బరే, ఎంత ఖరీదైన ముక్కైనా సరే. ఈ కత్తి పని మా వల్ల కాదంటే కొరియన్ గ్రోసరీలో బుల్గోగీ (పల్చటి మాంసం కాల్చి చేసే కొరియన్ వంటకం) కోసం కోసి పెట్టిన రిబ్ఐ దొరుకుతుంది, అది తెచ్చుకోండి, నేను ఇప్పుడు చేసేది అదే. ఫ్రోజెన్‌ది అయితే ముందు రోజే ఫ్రిజ్‌లోకి మార్చండి, మంచుతో సహా పెనం మీద వేస్తే మళ్ళీ పైన చెప్పిన పులుసే. ఇంకోటి, పల్చటి ముక్క రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది, ఇంకాసేపు ఉంచుదాం అనుకున్నారంటే ఎండిపోయినట్టే.

చీజ్ నూనె కక్కుతోంది, లేదా ఇసకలా రవ్వరవ్వగా ఉంది

తురిమి ప్యాకెట్లో అమ్మే చీజ్ వాడారా? అందులో తురుము అంటుకోకుండా పిండి గానీ సెల్యులోజ్ గానీ చల్లుతారు, అందుకే అది నున్నగా కరగదు. నూనె తేలుతోందంటే వేడి ఎక్కువైంది, చీజ్‌లో కొవ్వూ ప్రోటీనూ విడిపోయాయి. అమెరికన్ చీజ్, చీజ్ విజ్ (సీసాలో వచ్చే చీజ్ సాస్) లాంటి ప్రాసెస్డ్ రకాల్లో ఆ రెంటినీ కలిపి పట్టుంచే లవణాలు వేస్తారు కాబట్టి అవి ఓపిగ్గా కరుగుతాయి. విజ్ 1950ల్లో వచ్చింది, ఇప్పుడు ఫిలడెల్ఫియాలో ఉల్లిపాయలతో కావాలంటే "విజ్ విట్" ("విత్"ని అక్కడ అలా పలుకుతారు) అంటే చాలు. నాకు మాత్రం ప్రోవలోన్ (ఒక ఇటాలియన్ చీజ్) ఒక స్లైసూ వైట్ అమెరికన్ ఒక స్లైసూ కలిపి వేస్తేనే బాగుంటుంది, ఒకటి రుచికి, ఒకటి కరగడానికి. స్విస్ చీజ్ అడిగితే ఆ ఊళ్ళో నవ్వుతారు, 2003లో ప్రెసిడెంట్ ఎన్నికల ప్రచారంలో ఉన్న జాన్ కెర్రీ అదే అడిగి వార్తల్లోకెక్కాడు, పాపం.

చెయ్యాల్సింది: మాంసం కుప్పగా జరిపి, స్టవ్ ఆపేసి, పైన స్లైసులు పరిచి, పెనం అంచున ఒక్క స్పూన్ నీళ్ళు వేసి మూత పెట్టండి, 30 సెకండ్లలో ఆవిరికి కరిగిపోతుంది. ఇందాకట్నుంచీ నీళ్ళని తిట్టిందీ నేనే, అవును, కానీ ఈ ఒక్క స్పూన్ మన మాట వింటుంది.

బ్రెడ్డు నానిపోయి చిరుగుతోంది

హాట్‌డాగ్ బన్ను అయితే చిరుగుతుంది, ఫ్రెంచ్ బాగెట్ అయితే కొరికితే ఉన్నదంతా అవతలి నుంచి ఒళ్ళో పడుతుంది. లోపల మెత్తగా, పైన పల్చటి పొరతో, 8 నుంచి 10 అంగుళాల పొడవుండే హోగీ రోల్ కావాలి. పూర్తిగా రెండుగా కొయ్యకుండా ఒక పక్క అతుక్కుని ఉంచి, లోపలి వైపు కాస్త బటర్ రాసి పెనం మీద ఎర్రగా కాల్చండి, ఆ కాలిన పొరే తడిని ఆపుతుంది. తర్వాత రోల్‌ని తెరిచి మాంసం కుప్ప మీద బోర్లించి, కింద అట్లకాడ పెట్టి ఒక్క తిప్పు. పేపర్లో చుట్టి ఒక నిమిషం ఉంచితే బ్రెడ్డు మెత్తబడి పట్టుకోడానికి బాగుంటుంది, పావుగంట ఉంచితే ముద్దే.

ఉల్లిపాయలు ఒక పక్క మాడి ఒక పక్క పచ్చిగా

మాంసంతో పాటే వేసుంటారు. ముందే విడిగా, మీడియం మంట మీద, చిటికెడు ఉప్పేసి 10 నిమిషాలు వేయించి తీసేయండి, బిర్యానీ ఉల్లిపాయల్లా కరకరలాడక్కర్లేదు. మష్రూమ్స్ వేస్తే అవీ విడిగానే, నీళ్ళన్నీ పోయేదాకా.

అన్నీ కుదిరినా చప్పగా ఉంది

ఉప్పు తక్కువ, 90 శాతం సార్లు అంతే. మన చెయ్యి గరం మసాలా డబ్బా మీదకి వెళ్తుంది, వెయ్యకండి, ఉప్పూ మిరియాలూ చాలు. కారం కావాలంటే సౌత్ ఫిలడెల్ఫియాలో లాంగ్ హాట్స్ అని పొడుగు మిరపకాయలు వేయించి ఇస్తారు, మన బజ్జీ మిర్చిని శనగపిండి లేకుండా నూనెలో మగ్గించి ఉప్పు చల్లితే దాదాపు అదే దారి.

స్మోక్ అలారం మోగుతోంది

కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ వేసి మొదలెట్టండి, పెనంలో కనోలా లాంటి నూనె వాడండి, బటర్ బ్రెడ్డుకే. మా అపార్ట్‌మెంట్లో రెండుసార్లు పక్కింటివాళ్ళు తలుపు కొట్టారు, రెండోసారి వాళ్ళకీ ఒకటి చేసిచ్చాం.

బీఫ్ తినం

మా అమ్మ వచ్చినప్పుడు ఇంట్లో చికెన్‌దే, ఫిలడెల్ఫియా షాపుల్లోనూ చికెన్ చీజ్‌స్టేక్ మామూలే. బ్రెస్ట్ త్వరగా ఎండిపోతుంది కాబట్టి తొడ మాంసం తీసుకోండి, అదీ ఫ్రీజర్‌లో గట్టిపరిచే కొయ్యాలి, లోపల ఎక్కడా గులాబీ రంగు ఉండకూడదు, థర్మామీటర్ ఉంటే 74 డిగ్రీల సెల్సియస్. చికెన్ ఇంకా ఎక్కువ నీళ్ళు వదుల్తుంది, కాబట్టి వాయిలు ఇంకా చిన్నవి. మా అమ్మ తిని "బాగానే ఉంది గానీ ఇందులో అల్లం వెల్లుల్లి పడితే ఉంటుందీ" అంది, పడలేదు.

మర్నాడు ఆఫీసుకి పట్టుకెళ్తే రబ్బరు అయిపోయింది

కట్టిన శాండ్‌విచ్‌ని మైక్రోవేవ్‌లో పెట్టకండి, బ్రెడ్డు సాగుతుంది. మాంసం, ఉల్లిపాయలు డబ్బాలో, రోల్ విడిగా, చీజ్ స్లైసులు విడిగా పట్టుకెళ్ళి, అక్కడ మాంసం ఒక్కటే వేడి చేసుకుని చీజ్ దాని మీద వేసి మూత పెట్టుకోండి.