సాఫ్ట్ హ్యాకిల్ ఫ్లై నీళ్లలో కదలట్లేదా? ముందు గ్లాసులో ముంచి చూడండి

ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ నదుల్లో ట్రౌట్ చేపల కోసం తరతరాలుగా కడుతున్న ఫ్లైలకు, అంటే పురుగుల్లా కనబడేలా గాలానికి కట్టే ఎరలకు, పెద్ద సరంజామా అక్కర్లేదు. గాలం, పట్టు దారం, ఒక పిట్ట ఈక ఉంటే చాలు. తల దగ్గర చుట్టే ఆ మెత్తటి ఈకే సాఫ్ట్ హ్యాకిల్, నీళ్లలో కదలాల్సింది దాని పీచులే. పార్ట్రిడ్జ్ అండ్ ఆరెంజ్, స్నైప్ అండ్ పర్పుల్ లాంటి పేర్లలోనే ఏ పిట్ట ఈకో, ఏ రంగు దారమో చెప్పేశారు. పార్ట్రిడ్జ్ అంటే మన కౌజు పిట్టకు చుట్టం లాంటిది. ఇంత తక్కువ సామానుతో చేసేదాంట్లో తప్పు ఎక్కడ దాక్కుంటుందిలే అనుకుంటాం. లీడ్స్‌కు వచ్చిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను.

ఇక్కడి మన తెలుగు మిత్రుల దగ్గర్నుంచి నాకు వచ్చే ఫిర్యాదు దాదాపు ఒకటే. "అన్నా, ఫ్లై చూడ్డానికి బాగానే ఉంది, చేప మాత్రం ముట్టట్లేదు." వెంటనే నేను అడిగేది, నీళ్లలో ముంచి చూశావా అని. చూశానన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వైస్‌లో (కట్టేటప్పుడు గాలాన్ని పట్టి ఉంచే పనిముట్టు) బిగించి ఉన్నప్పుడు మనం మురిసిపోయేది పొడి ఫ్లైని చూసి. చేపకు కనబడేది తడిసినది. దారం మార్చకముందు, ఈక మార్చకముందు, నదిని తిట్టుకోకముందు దయచేసి ఈ ఒక్క పని చేయండి.

గాజు గ్లాసు నిండా నీళ్లు తీసుకోండి. ఫ్లైని ముందుగా వేళ్లతో తడిపి, నీళ్ల అడుగున నొక్కి గాలి పోగొట్టండి. కొత్త ఈకకు కాస్త జిడ్డుంటుంది, పీచుల మధ్య గాలీ చిక్కుకుంటుంది. తడపకుండా వేస్తే ఫ్లై పైనే తేలుతుంది, మీకేమీ తెలియదు. తడిశాక జానెడు నైలాన్ దారానికి కట్టి, బెత్తెడు లోతులో మెల్లగా పైకీ కిందికీ ఆడించండి. లాగినప్పుడు పీచులు వెనక్కి ముడుచుకోవాలి, ఆపగానే మళ్లీ విచ్చుకోవాలి.

అలా కాకపోతే గ్లాసులో కనబడేది ఈ మూడింట్లో ఒకటి. పీచులు బాగానే కదులుతున్నాయి, కానీ ఒంటి (గాలం మీద చుట్టిన దారం) రంగు కనబడట్లేదు. అంటే ఈక చుట్లు ఎక్కువయ్యాయి. రెండు చుట్లు చాలు. 16 నంబరు లాంటి చిన్న గాలానికైతే ఈకకు ఒక పక్క పీచులు దూసేసి చుట్టండి.

పీచులు వానలో తడిసిన కోడి ఈకల్లా ఒంటికి అతుక్కుపోయి లేవట్లేదు. వెనక ఆసరా లేదు. హ్యాకిల్ చుట్టే ముందు కుందేలు చెవి వెంట్రుకలు అతి కొద్దిగా దారానికి పట్టించి, హ్యాకిల్‌కు సరిగ్గా వెనక రెండు చుట్లు వేయండి. మెల్లగా పారే నీళ్లలో ఇది లేకున్నా నడుస్తుంది, ఉరవడి నీళ్లలో తప్పనిసరి.

పీచులు విడివిడిగా కాకుండా రెండేసి, మూడేసి కలిసి పుల్లల్లా కదులుతున్నాయి. ఇక్కడ ఆగండి. నన్ను రెండు సీజన్లు ఏడిపించింది ఇదే.

మొదటి చలికాలంలో యాభై దాకా కట్టాను. తల, అంటే దారం ముడివేసి ముగించే చోటు, నున్నగా మెరిస్తే ముచ్చటేసేది, అందుకని ప్రతిదానికీ రెండేసి పూతలు వార్నిష్ వేశాను. ఏప్రిల్‌లో వార్ఫ్ నది మీద చేపలు కళ్లముందే పైకి లేస్తున్నా నా ఫ్లైని పట్టించుకోలేదు. పక్కన ఉన్న ఒక పెద్దాయన తన ఫ్లై ఒకటి ఇచ్చారు. చూస్తే నాదే బాగుంది. ఆయనదానికి తల మీద మెరుపు లేదు, ఒళ్లు బక్కపల్చగా ఉంది. నేను గంటసేపు ఖాళీగా నిలబడ్డ చోటే దానికి మూడు చేపలు పడ్డాయి.

ఇంటికొచ్చి రెండింటినీ ఒకే గ్లాసులో వేశాను. ఆయనది ఊపిరి తీస్తున్నట్టు విచ్చుకుని ముడుచుకుంటోంది. నాది ఎండిన కుంచెలా బిగుసుకుపోయింది. తప్పంతా ఈకదేననుకుని కొత్త పార్ట్రిడ్జ్ చర్మం కొన్నాను. దాంతో కట్టినవీ అంతే. కారణం తెలిసింది అనుకోకుండా. ఒక రాత్రి వార్నిష్ సీసా అయిపోయి చివరి ఫ్లైకి పూత వేయలేదు. మర్నాడు గ్లాసులో అదొక్కటే విచ్చుకుంది.

జరిగేది ఇది. వత్తి నూనెను పీల్చినట్టు, పీచుల మొదళ్లు పల్చటి వార్నిష్‌ను లోపలికి లాగేసుకుంటాయి. తల దగ్గర వేసిన చుక్క మిల్లీమీటరు దూరం పాకితే చాలు, పీచు వంగాల్సిన చోటే గట్టిపడిపోతుంది. పొడిగా ఉన్నప్పుడు ఏ తేడా తెలియదు, పైగా పీచులు నిటారుగా నిలబడి మరింత అందంగా కనిపిస్తాయి. అందుకే అంతకాలం మోసపోయాను. అనుమానం ఉంటే భూతద్దం కింద సూది మొనతో ఒక్క పీచును పక్కకు నెట్టండి. పక్కవీ దాంతో కదిలితే, మొదట్లో సన్నటి మెరుపు కనబడితే, అదే. సూపర్ గ్లూ ఇంకా వేగంగా పాకుతుంది. యూవీ రెసిన్ (యూవీ లైటు వేస్తే గట్టిపడే జిగురు) కూడా పల్చటిదైతే లైటు వేసేలోపే ఈకలోకి చేరిపోతుంది.

పరిష్కారం: కట్టేటప్పుడే గాలం కన్నుకూ (నైలాన్ దారం దూర్చే రంధ్రం) హ్యాకిల్‌కూ మధ్య కాస్త చోటు వదలండి. పీచులను తడి వేళ్లతో వెనక్కి దువ్వి పట్టుకుని, మైనం బాగా పట్టించిన పట్టు దారంతో ఐదు చుట్ల విప్ ఫినిష్ (దారం కొసను దాని చుట్ల కిందే బిగించే ముడి) వేసి గట్టిగా లాగండి. నేను అంతటితో ఆపేస్తాను. వార్నిష్ లేని తలలు ఒక సీజనంతా నిలిచాయి. మనసొప్పకపోతే చిక్కటి వార్నిష్ వాడండి. సూది మొనకు అంటిన దాన్ని ముందు కాగితం మీద తుడిచి, మిగిలిన తడితో గాలం కన్ను వైపు నుంచి దారాన్ని ముట్టించండి, అంతే. ఆరేదాకా కన్ను కిందికి ఉండేలా వేలాడదీయండి. మైనం కూడా మితిమీరితే పీచులకు అంటుకుంటుంది. దారం వేలికి జిగురుగా తగలాలి గానీ ముద్దలు కనబడకూడదు.

పాడైన ఫ్లైని బాగుచేయాలని చూడకండి. సాల్వెంట్లతో నేను చాలా తంటాలు పడ్డాను, ఈక దెబ్బతినడం తప్ప లాభం లేదు. బ్లేడుతో కోసేసి గాలం మళ్లీ వాడుకోండి. ఇక్కడ బ్రౌన్ ట్రౌట్ సీజన్ మార్చి 25న మొదలవుతుంది. ఆలోపు డబ్బాలో ఉన్న ప్రతి రకంలోంచి ఒక్కొక్కటి గ్లాసులో ముంచి చూసుకుంటే నది ఒడ్డున టెన్షన్ ఉండదు.

తడిశాక నారింజ దారం ముదురు గోధుమ రంగుకు తిరిగిందని కొందరు కంగారు పడతారు. తడి పట్టులోంచి గాలం నలుపు కనబడుతుంది, అది తప్పు కాదు. ఈకకు పురుగు పట్టడం, నీళ్లలో ఫ్లై గిరగిరా తిరగడం లాంటివి నాకు చాలా అరుదుగా ఎదురయ్యాయి. పీచు వంచగానే పుటుక్కున విరిగితే ఆ ఈక పారేయండి. ఫ్లై తిరుగుతుంటే ఒక పక్కకు ఎక్కువైన పీచులు లాగేయండి.