కంపెనీ పేరు రిజెక్ట్ కాకుండా ఉండాలంటే

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెడుతున్నారా? లోగో, విజిటింగ్ కార్డుల సంగతి ఆపి ముందు పేరు తేల్చుకోండి.

మొదట ఎంసీఏ (కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ) పోర్టల్‌లో ఆ పేరు ఇప్పటికే ఉందేమో వెతకండి. మనవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. ‘గోదావరి ఫుడ్స్’ ఉంటే మనం ‘గోదావరీ ఫుడ్’ అని పెట్టుకుంటే సరిపోతుందనుకుంటారు, కానీ రూల్స్ ప్రకారం ఏకవచనం బహువచనం, స్పేస్, చుక్క, స్పెల్లింగ్ తేడా, మాటల వరుస మార్చడం, చివర ఓ అంకె తగిలించడం, ఇవేవీ తేడా కిందికి రావు. ఊరి పేరు చేర్చినా అంతే, ఆ పాత కంపెనీ బోర్డు తీర్మానం చేసి ఒప్పుకుంటే తప్ప.

తర్వాత ట్రేడ్‌మార్క్ సైట్‌లో వెతకండి, ఇది చాలామంది వదిలేస్తారు. వేరేవాళ్ల రిజిస్టర్డ్ మార్క్‌ను పోలిన పేరైతే వాళ్ల అనుమతి కావాలి. బ్యాంక్, ఇన్సూరెన్స్ లాంటి మాటలకు ఆయా రెగ్యులేటర్ ఆమోదం, నేషనల్, సెంట్రల్ లాంటివాటికి కేంద్రం అనుమతి తప్పనిసరి. నా సలహా అయితే వాటి జోలికే పోవద్దు.

కంపెనీ రిజిస్ట్రేషన్‌కు ఆన్‌లైన్‌లో నింపే స్పైస్ ప్లస్ (SPICe+) ఫారం పార్ట్-ఎలో రెండు పేర్లు ఇవ్వొచ్చు, ఫీజు 1,000 రూపాయలు. రెండోది ఏదో ఒకటిలే అని రాసేయకండి, మొదటిది పోతే మీకు దక్కేది అదే! పేరు ఓకే అయితే 20 రోజులు మీ కోసం ఉంచుతారు, ఆలోపే మిగతా ఫారాలు వేసేయాలి.