ఐఈఎల్‌టీఎస్ స్వయంశిక్షణ – ఐదో పాఠం: చెప్పింది, చెప్పనిది

నాలుగో పాఠంలో పేరాలకు శీర్షికలు జతపరిచే ప్రశ్నలు చూశాం. పేరా మొత్తం దేని గురించో తేల్చుకోకుండా, అందులో కనిపించిన ఒక్క మాట పట్టుకుని శీర్షిక పెట్టేయవద్దని అనుకున్నాం. ఈసారి రీడింగ్‌నూ లిజనింగ్‌నూ పక్కపక్కన పెట్టి చూద్దాం. రీడింగ్‌లో ట్రూ (వ్యాసం చెప్పింది), ఫాల్స్ (వ్యాసం చెప్పినదానికి విరుద్ధం), నాట్ గివెన్ (వ్యాసం చెప్పనిది) ప్రశ్నలు; లిజనింగ్‌లో ఒక మాట చెప్పి అంతలోనే దాన్ని మార్చుకునే సంభాషణలు. పైకి వీటికి పొంతన లేదు. లోపల పరీక్షించేది మాత్రం ఒకటే: అవతలివారు నిజంగా ఏమన్నారో దానికే కట్టుబడి జవాబు రాయగలరా, లేక మీకు తెలిసినదీ మీరు ఊహించుకున్నదీ అందులో కలిపేస్తారా?

కొత్తగా చేరినవారి కోసం లెక్కలు మరొక్కసారి. రీడింగ్‌లో 40 ప్రశ్నలు, 60 నిమిషాలు. జవాబులు పత్రంలోకి ఎక్కించడానికి విడిగా సమయం ఇవ్వరు. అకడమిక్ (ఉన్నత చదువులకు వెళ్లేవారి) పరీక్షలో మూడు పెద్ద వ్యాసాలుంటాయి. మూడూ కలిపి 2,150 నుంచి 2,750 పదాలు. లిజనింగ్‌లోనూ 40 ప్రశ్నలే. నాలుగు భాగాలు, సుమారు 30 నిమిషాలు, రికార్డింగ్ వినిపించేది ఒక్కసారే. ఆ తర్వాత కాగితంపై రాసేవారికి జవాబులు ఎక్కించుకోవడానికి 10 నిమిషాలు, కంప్యూటర్‌పై రాసేవారికి సరిచూసుకోవడానికి 2 నిమిషాలు ఉంటాయి. తప్పు జవాబుకు మార్కులు కోయరు. అందుకని ఏ గడినీ ఖాళీగా వదలకండి.

చదవడం: మౌనం కూడా ఒక జవాబే

పరీక్షలో వ్యాసం ఇంగ్లీషులోనే ఉంటుంది. పద్ధతి తేటగా కనిపించాలని ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను. నిదానంగా చదవండి.

"లూయీ బ్రెయిలీ మూడేళ్ల వయసులో తండ్రి పనిశాలలో పదునైన పనిముట్టు కంటికి తగిలి గాయపడ్డాడు. తర్వాత రెండు కళ్ల చూపూ పోయింది. పారిస్‌లోని అంధుల పాఠశాలలో చదువుతుండగా, షార్ల్ బార్బియే రూపొందించిన చుక్కల లిపి అతనికి పరిచయమైంది. అందులో ఒక్కో గడిలో పన్నెండు చుక్కలకు చోటుండేది. వేలి కొన ఒక్కసారి తాకితే గడి మొత్తం అందేది కాదు. బ్రెయిలీ ఆ గడిని ఆరు చుక్కలకు కుదించాడు. 1829లో తన పద్ధతిని వివరిస్తూ పుస్తకం ప్రచురించాడు. అతను 1852లో మరణించాడు. పాఠశాల ఆ లిపిని అధికారికంగా స్వీకరించింది 1854లో."

ఇప్పుడు ఈ ఐదు వాక్యాలకు జవాబులు రాసుకోండి. రాశాకే కిందికి వెళ్లండి.

1. బ్రెయిలీ పుట్టుకతో అంధుడు.
2. బ్రెయిలీ చేరేనాటికి ఆ పాఠశాలలో చూపులేనివారు చదువుకునే పద్ధతి ఏదీ లేదు.
3. బార్బియే లిపిలోని గడిని ఒక్క స్పర్శతో గ్రహించడం సాధ్యమయ్యేది కాదు.
4. తన లిపిని మార్చడం బార్బియేకు నచ్చలేదు.
5. పాఠశాల ఆ లిపిని బ్రెయిలీ బతికుండగానే అధికారికంగా స్వీకరించింది.

మొదటిది ఫాల్స్, మూడోది ట్రూ. వీటి దగ్గర ఆగనక్కర్లేదు. అయిదోదీ ఫాల్సే, కానీ అందులో ఒక మెలిక ఉంది. "అతని మరణం తర్వాతే స్వీకరించారు" అన్న వాక్యం వ్యాసంలో ఎక్కడా లేదు. 1852 ఒక వాక్యంలో, 1854 మరో వాక్యంలో ఉన్నాయి. రెండింటినీ కలిపి తేల్చుకోవాలి. ఇది ఊహ కిందికి రాదు. వ్యాసమే ఇచ్చిన రెండు సంగతులను జోడించవచ్చు. వ్యాసంలో లేని మూడో సంగతిని బయటి నుంచి తెచ్చి జోడించకూడదు, అంతే.

రెండో వాక్యంలో తప్పులో కాలేసేది ఎక్కువగా బాగా చదువుకున్నవారే. ఆ పాఠశాలను స్థాపించిన వాలెంటిన్ అయుయి ఉబ్బెత్తు అక్షరాలతో పుస్తకాలు అచ్చువేయించాడు. బ్రెయిలీ కూడా మొదట వాటితోనే చదువుకున్నాడు. ఈ చరిత్ర తెలిసినవారు రెండో వాక్యం చూడగానే "పచ్చి అబద్ధం" అనుకుని ఫాల్స్ రాసేస్తారు. చరిత్ర పరీక్షలో వారికి మార్కు వచ్చేది. ఇక్కడ రాదు. అయుయి గురించి గానీ, ఉబ్బెత్తు అక్షరాల గురించి గానీ మన పేరాలో ఒక్క మాట లేదు. జవాబు నాట్ గివెన్. విషయం బొత్తిగా తెలియనివారు ఇలాంటి చోట సులువుగా బయటపడతారు. తెలిసినవారు తమకు తెలిసినదాన్ని కాసేపు పక్కన పెట్టాలి, అదే కష్టం.

నాలుగోదీ నాట్ గివెనే. బార్బియే సంతోషించాడా, చిన్నబుచ్చుకున్నాడా అన్నది వ్యాసం చెప్పలేదు. తన సృష్టిని ఒక కుర్రవాడు మార్చేస్తే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది కదా అని మనసు చెబుతుంది. మనసు మాట ఇక్కడ వినకండి.

ఫాల్స్‌కూ నాట్ గివెన్‌కూ మధ్య గీత ఎక్కడ గీయాలో తెలియక చాలామంది తికమకపడతారు. నేను వాడే కొలమానం ఇది: ప్రశ్నలోని వాక్యాన్నీ వ్యాసంలోని వాక్యాన్నీ ఎదురెదురుగా పెట్టండి. రెండూ ఒకేసారి నిజం కావడం అసాధ్యమైతే అది ఫాల్స్. రెండూ ఒకేసారి నిజమయ్యే వీలు ఏ కాస్త ఉన్నా అది ఫాల్స్ కాదు. "1852లో మరణించాడు, 1854లో స్వీకరించారు" అన్నదీ "బతికుండగానే స్వీకరించారు" అన్నదీ ఒకే లోకంలో ఇమడవు. "గడిని ఆరు చుక్కలకు కుదించాడు" అన్నదీ "బార్బియేకు నచ్చలేదు" అన్నదీ హాయిగా ఇముడుతాయి.

చిన్న మాటలను తేలిగ్గా తీసుకోవద్దు. "బ్రెయిలీ పుస్తకం 1829లో వచ్చింది" అంటే ట్రూ. "బ్రెయిలీ తొలి పుస్తకం 1829లో వచ్చింది" అంటే? అంతకుముందు మరొకటి రాశాడో లేదో మన పేరా చెప్పలేదు, కాబట్టి నాట్ గివెన్. మాత్రమే, అందరూ, కొందరు, ఎప్పుడూ, సాధారణంగా వంటి మాటలు ఏ వాక్యంలో కనిపించినా వాటి కింద గీత పెట్టాకే వ్యాసంలోకి వెళ్లండి.

ఈ తరహా ప్రశ్నల్లో ఒక వెసులుబాటుంది: జవాబులు వ్యాసంలోని వరుసలోనే వస్తాయి. మూడోదాని చోటూ ఐదోదాని చోటూ దొరికాయంటే నాలుగోది ఆ మధ్యలోనే ఉండాలి. అక్కడ రెండుసార్లు చూసినా ఏమీ కనిపించకపోతే నాట్ గివెన్ రాసి ముందుకు సాగండి. లేనిదాన్ని వెతుకుతూ మూడు నిమిషాలు పోగొట్టుకుంటే, ఆ నష్టం చివరి వ్యాసం మీద పడుతుంది. అసలే ఆఖరి వ్యాసం కష్టంగా ఉంటుంది. అందుకే ఒక్కో వ్యాసానికి సరిగ్గా ఇరవై నిమిషాలని పంచుకోకుండా, మొదటిదాన్ని పదిహేడులో ముగించి మిగిలింది చివరికి దాచుకోవడం మేలని నా అభిప్రాయం.

ట్రూ, ఫాల్స్ బదులు యెస్, నో అని అడిగితే అవి రచయిత అభిప్రాయాల గురించిన ప్రశ్నలు. పద్ధతి ఇదే. ఏ మాటలు అడిగితే ఆ మాటలే రాయండి.

వినడం: మాట మార్చుకునే మనుషులు

లిజనింగ్ మొదటి భాగంలో ఇద్దరు మాట్లాడుకుంటారు. రోజువారీ వ్యవహారమే, మీరు ఒక ఫారం నింపుతుంటారు. రెండో భాగంలో ఒక్కరే మాట్లాడతారు. మూడో భాగం చదువుకు సంబంధించిన చర్చ, నాలుగోది ఉపన్యాసం. మొదటి భాగం తేలికని పేరు. తేలికైన చోట పోయే మార్కులే ఎక్కువ బాధిస్తాయి. ఈ సంభాషణ చూడండి. మీ ఫారంలో రెండు ఖాళీలున్నాయి: రోజు, మనుషుల సంఖ్య.

— మంగళవారం సాయంత్రం హాలు కావాలండీ.
— మంగళవారమా… ఆ రోజు వేరేవాళ్లు తీసుకున్నారు. బుధవారం ఖాళీగా ఉంది.
— బుధవారం మా అధ్యాపకులకు వీలుపడదు. గురువారం?
— ఐదు దాటాక అయితే ఇవ్వగలను.
— సరే, అలాగే కానివ్వండి.
— ఎంతమంది వస్తారు?
— పోయినసారి ముప్పైమంది వచ్చారు. ఈసారి కొందరు మానుకున్నారు, ఇరవై నాలుగని రాసుకోండి.

మంగళవారం అనగానే రాసేసి రెండో ఖాళీ వైపు చూపు తిప్పినవారు మొదటి మార్కు పోగొట్టుకున్నారు. మూడు రోజుల పేర్లు వినిపించాయి, ఖాయమైంది ఒకటే. అది ఖాయమైనట్టు కూడా ఎవరూ నోరు విప్పి చెప్పలేదు. "గురువారం" అన్నప్పుడు అది ఇంకా ప్రశ్నే. "అలాగే కానివ్వండి" అన్నప్పుడే అది జవాబయింది. అందుకే చెవిన పడిన మొదటి మాటను పక్కన చిన్నగా గుర్తుపెట్టుకోండి, అవతలి వ్యక్తి ఒప్పుకున్నాక గడిలో రాయండి. 'బట్', 'యాక్చువల్లీ', 'ఇన్‌స్టెడ్', 'సారీ' వంటి మాటలు వినిపిస్తే ఇప్పటిదాకా చెప్పింది మారబోతోందని అర్థం. ముప్పై అన్నదీ అలాంటి ఎరే. సంఖ్య నిజమే కానీ పోయినసారిది.

ఇక శబ్దాల సంగతి. తెలుగులో రాసినదాన్ని దాదాపు అక్షరం పొల్లుపోకుండా పలుకుతాం. ఇంగ్లీషులో పదానికి ఒక భాగం బలంగా పలుకుతుంది, మిగిలినవి నలిగిపోతాయి. 'కంఫర్టబుల్' అని మనం నాలుగు ముక్కలుగా ఎదురుచూస్తుంటే 'కంఫ్‌టబుల్' అని మూడు ముక్కల్లో దాటిపోతుంది. 'వెజిటబుల్' కాస్తా 'వెజ్‌టబుల్' అవుతుంది. పదం మీకు తెలిసినదే, చెవి దాన్ని పోల్చుకోలేదు. సంఖ్యల్లో 'థర్టీ' అన్నప్పుడు బలం మొదటి భాగం మీద ఉంటుంది. 'థర్టీన్' అన్నప్పుడు చివరి భాగం సాగి, కొసన నకారం వినిపిస్తుంది. 'కెన్' అన్నది వాక్యం మధ్యలో 'క్న్' అన్నంత పొట్టిగా పోతుంది. అది బలంగా, నిండుగా వినిపించిందంటే చాలాసార్లు కాదనే అర్థమిచ్చే 'కాంట్' అయి ఉంటుంది. చివరి టకారం కోసం కాచుకుంటే ఒక్కోసారి అది వినిపించనే వినిపించదు.

పేర్లు అక్షరం అక్షరంగా చెప్పేటప్పుడు 'డబుల్' అంటే ఆ తర్వాతి అక్షరం రెండుసార్లు. ఫోన్ నంబర్లలో సున్నాను 'ఓ' అనడం మామూలే. 'జీ', 'జే' లను విడదీసి వినడం సాధన చేయండి.

ఒక ప్రశ్న జారిపోతే వదిలేయండి. పోయినదాని గురించి మథనపడుతుంటే ఆ తర్వాతి రెండూ కూడా పోతాయి. ఎన్ని పదాలకు మించకూడదన్నారో చూసుకోండి. రెండు పదాలన్నప్పుడు మూడు రాస్తే, అందులో సరైన జవాబున్నా మార్కు రాదు. స్పెల్లింగ్ తప్పయినా అంతే. బ్రిటిష్ స్పెల్లింగయినా అమెరికన్ స్పెల్లింగయినా ఒప్పుకుంటారు.

ఒకే రికార్డింగ్, మూడు విడతలు

రోజుకో నమూనా పరీక్ష రాసి, మార్కులు లెక్కపెట్టుకుని, మర్నాడు ఇంకొకటి మొదలుపెట్టేవారున్నారు. దానివల్ల మార్కులు తెలుస్తాయి, పెరగవు. ఒక రికార్డింగును మూడు విడతలుగా వాడండి. మొదటి విడత పరీక్షలోలాగే, ఆపకుండా. జవాబులు చూడకుండానే రెండో విడతలో తప్పనిపించిన చోట్ల ఆపి ఆపి వినండి. మూడో విడతలో రికార్డింగులోని మాటల ప్రతి (ట్రాన్‌స్క్రిప్ట్) ముందు పెట్టుకుని, ప్రతి జవాబూ ఏ వాక్యంలో ఉందో గీత పెట్టండి.

అసలు పని అప్పుడు మొదలవుతుంది. ప్రతి తప్పు పక్కన కారణం రాయండి. మాట చెవికి అందలేదా? అందింది కానీ రాసేలోగా మరచిపోయారా? ప్రశ్నలో ఒక మాట, రికార్డింగులో అదే అర్థమిచ్చే మరో మాట ఉండటంతో పోల్చుకోలేకపోయారా? లేక స్పెల్లింగేనా? చెవికి అందకపోతే ఆ అర నిమిషాన్ని అక్షరాలా రాసుకుంటూ మళ్లీ మళ్లీ వినడమే మందు. పోల్చుకోలేకపోతే నోటుబుక్కులో రెండు వరుసలు గీయండి, ఎడమవైపు ప్రశ్నలోని మాట, కుడివైపు మాట్లాడినవారి మాట. 'చవక' ఎడమవైపు ఉంటే 'పెద్దగా ఖర్చు కాదు' కుడివైపు చేరుతుంది. 'వృద్ధులు' పక్కన 'అరవై దాటినవారు' వస్తుంది. రీడింగ్ తప్పులనూ ఇదే పుస్తకంలో రాయండి. కొంతకాలానికి రెండు పరీక్షల్లోనూ అవే జంటలు తిరిగి తిరిగి కనిపిస్తాయి.

మార్కుల లెక్క కూడా చెబుతాను. లిజనింగ్‌లోనూ అకడమిక్ రీడింగ్‌లోనూ 40కి 30 సరైతే సుమారుగా 7 బ్యాండ్ (ఐఈఎల్‌టీఎస్ స్కోరు), 23 సరైతే 6. జనరల్ ట్రైనింగ్ (ఉద్యోగానికో వలసకో వెళ్లేవారి పరీక్ష) రీడింగ్ వ్యాసాలు కాస్త తేలిక కాబట్టి అక్కడ 7 కావాలంటే 34 దాకా రావాలి.

ఆరో పాఠం దాకా

ఈ పేరా చదివి నాలుగు వాక్యాలకు జవాబు రాయండి. ప్రతి జవాబు పక్కన, అలా ఎందుకు రాశారో ఒక్క వాక్యం ఉండాలి.

"నడిసముద్రంలో ఓడ ఏ రేఖాంశం మీద ఉందో కనుగొనే పద్ధతి చూపినవారికి, దాని కచ్చితత్వాన్ని బట్టి 20,000 పౌండ్ల దాకా బహుమతి ఇచ్చేలా బ్రిటన్ పార్లమెంటు 1714లో చట్టం చేసింది. వడ్రంగి పని తెలిసిన జాన్ హ్యారిసన్, ఓడ ఊగినా ఉష్ణోగ్రత మారినా సరైన సమయం చూపే గడియారాల కోసం దశాబ్దాలు శ్రమించాడు. మొదటి మూడూ పెద్ద యంత్రాలు. నాలుగోది పెద్ద జేబు గడియారంలా ఉండేది. దాన్ని పరీక్షించడానికి 1761లో ఓడలో జమైకాకు పంపారు. హ్యారిసన్ కుమారుడు విలియం దాని వెంట వెళ్లాడు."

1. పద్ధతి చూపిన ప్రతి ఒక్కరికీ 20,000 పౌండ్లు ఇవ్వాలని 1714 నాటి చట్టం చెప్పింది.
2. హ్యారిసన్ గడియారాల తయారీని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు.
3. నాలుగో గడియారం మొదటి మూడింటికన్నా చిన్నది.
4. జమైకా ప్రయాణంలో జాన్ హ్యారిసన్ కూడా ఓడలో ఉన్నాడు.

నాలుగోదాని దగ్గర తొందరపడకండి. జవాబులు ఆరో పాఠం మొదట్లో ఇస్తాను. లిజనింగ్‌కు మీ దగ్గరున్న ఏదైనా మొదటి భాగం రికార్డింగు తీసుకుని, వినిపించి రద్దయిన ప్రతి తేదీనీ ప్రతి సంఖ్యనూ రాసి, ఏ మాటతో రద్దయిందో పక్కన గుర్తించండి.