ప్యాక్స్ వెండర్‌కి ఫోన్ చేసే ముందు
స్కాన్ అయిపోయింది, ఇమేజ్‌లు మాత్రం ప్యాక్స్‌లోకి (స్కాన్ ఇమేజ్‌లు దాచి, చూపించే సిస్టమ్) రాలేదు. టెన్షన్‌లో వెంటనే వెండర్‌కి ఫోన్ చేయకండి. ముందు మిషన్ కన్సోల్ నుంచి డైకామ్ ఎకో (ప్యాక్స్‌తో కనెక్షన్ ఉందో లేదో చూసే టెస్ట్) కొట్టి చూడండి. అది ఫెయిలైతే సమస్య చాలావరకు నెట్‌వర్క్‌లోనో, ఐపీ, పోర్ట్, ఏఈ టైటిల్ (నెట్‌వర్క్‌లో మిషన్‌కి, ప్యాక్స్‌కి పెట్టిన పేరు) సెట్టింగుల్లోనో ఉంటుంది. ఏఈ టైటిల్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా వచ్చినా పంపడం ఆగిపోవచ్చు. మా దగ్గర ఒకసారి సర్వీసులో మారిన ఒక్క అక్షరం వల్ల ఉదయమంతా క్యాజువాలిటీ సీటీలు మిషన్‌లోనే ఉండిపోయాయి.

ఎకో పాసయితే సెండ్ క్యూలో (పంపాల్సిన ఇమేజ్‌ల లిస్టులో) కనిపించే ఎర్రర్‌ని ఉన్నదున్నట్టు రాసుకుని, సరైన టైమ్, ఆక్సెషన్ నంబర్‌తో (ఆ స్కాన్‌కి ఇచ్చిన ప్రత్యేక నంబర్) టికెట్ పెట్టండి. స్క్రీన్‌షాట్ జతచేస్తే పై మూలనున్న పేషెంట్ పేరు కప్పేయండి. పేరు కనిపించేలా వాట్సాప్‌లో పంపేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.