మందు, కల్లు మాన్పించే చికిత్స: ప్రభుత్వాసుపత్రిలో చేరే విధానం

ఈ చికిత్సకు మీసేవలో పెట్టుకోవలసిన దరఖాస్తేమీ లేదు. ఓపీ చీటీయే దరఖాస్తు. మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల వారు జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి ఉదయమే వెళ్లి, మానసిక వైద్య విభాగానికి చీటీ రాయమని అడగాలి. ఆధార్ కార్డు, పాత మందుల చీటీలు దగ్గర ఉంచుకోండి. ఆ విభాగం పేరు విని జంకనవసరం లేదు. రోగి వివరాలు బయటపెట్టకూడదని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 చెబుతోంది. ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే 14446కు ఫోను చేయండి, ఖర్చు లేదు.

అసలు పని డాక్టరు ఎదుట కూర్చున్నాక మొదలవుతుంది. ఏం తాగుతాడని అడిగితే మన వైపు చాలామంది "కల్లే సార్" అని తేల్చేస్తారు. చెట్టు కల్లా, కాంపౌండు (కల్లు దుకాణం) కల్లా? కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలుపుతారు. వాటికి అలవాటు పడిన ఒంటికి ఒక్కసారిగా అవి ఆగిపోతే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, మాటలు పొంతన తప్పుతాయి, ఫిట్స్ కూడా రావచ్చు. మద్యం విషయంలోనూ అంతే: చివరిసారి తాగిన ఆరు గంటల నుంచి రెండు రోజుల లోపు ఫిట్స్ భయం ఎక్కువ. అందుకే ఒట్టు వేయించి, గదిలో పెట్టి తాళం వేయడం ప్రాణం మీదికి తెస్తుంది. ఫిట్స్ వస్తే 108కి ఫోను చేయండి.

పిల్లల నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి ఇంట్లోనే రాసుకెళ్లండి: పొద్దున ఎన్ని సీసాలు, రాత్రి ఎన్ని, ఎన్నేళ్లుగా, చివరిసారి ఎన్ని గంటలకు. భర్త ముందు భార్య చెప్పలేని లెక్క ఆ కాగితం చెబుతుంది.

చేరవలసి వస్తే సంతకం ఎవరిదన్నదే ముఖ్యం. రోగి తానే ఒప్పుకొని సంతకం పెడితే మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 86వ సెక్షన్ కింద స్వతంత్ర చేరిక, మామూలుగా తానే కోరి ఇంటికి వెళ్లవచ్చు. తీవ్రమైన స్థితిలో తనకో ఇతరులకో ప్రమాదం ఉన్నప్పుడు 89వ సెక్షన్ కింద రోగి ప్రతినిధి దరఖాస్తు చేస్తారు. అప్పుడు ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, గడువు 30 రోజులకు మించదు. "మీరే తీసుకెళ్లి పడేయండి" అనే బంధువుల సలహాకు చట్టంలో చోటు లేదు.

ప్రైవేటు కేంద్రమైతే ఈ చట్టం కింద నమోదైన పత్రం చూపమనండి. అన్నంలో తెలియకుండా కలిపే పొడుల జోలికి వెళ్లకండి.

గంజాయి వాడకం కేసు ఉన్నవారు ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట స్వచ్ఛందంగా చికిత్సకు వస్తే, ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం 64ఏ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపునిస్తుంది. చికిత్స మధ్యలో మానేస్తే అది రద్దు కావచ్చు.

ఇంటికి వచ్చేటప్పుడు డిశ్చార్జి కాగితం అడిగి తీసుకోండి. మళ్లీ ఎప్పుడు రావాలో అందులో రాయించుకొని, ఆ రోజు అదే కాగితంతో వెళ్లండి.