రిటైరయ్యాక ఉండే ఇల్లా? కారు తలుపు తీసి కొలవండి

కడపలో మేం ఇల్లు కట్టేటప్పుడు పోర్టికోకు 8 అడుగుల వెడల్పు చాలన్నాడు మేస్త్రీ. కారైతే పట్టింది, తలుపు మాత్రం సగమే తెరుచుకుంటుంది. మోకాళ్ల నొప్పులతో మా ఆవిడ గేటు బయటే దిగుతుంది. చిన్న కారే 5 నుంచి 6 అడుగుల వెడల్పు. 11 అడుగులైనా వదలండి, స్కూటర్‌కు వేరే. పునాది తీయకముందే స్థలంలో ముగ్గుపిండితో గీత గీసి, కారు నిలిపి, నాలుగు తలుపులూ తీసి చూడండి.

సామానుకు అటకలు నమ్ముకోవద్దు, అరవై దాటాక నిచ్చెన ఎవరెక్కుతారు? వంటింటి పక్కనే చిన్న గది, గోడకు కడప బండల అరలు చాలు. కింది అరను కూలర్ పట్టేంత ఎత్తులో పెట్టిస్తే బియ్యం మూటలు, పాత కూలర్ (మా ఎండలకు దాన్ని పారేయలేం) దాని కిందికి తోసేయొచ్చు.